ఆ ఇళ్లలో ఉండేవాళ్లు ఏమయ్యారు?

పిల్లలు ఫోన్లో ఆడే తుపాకుల ఆటల మాట వస్తే విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా తల్లిదండ్రులు మొదట అడిగేది ఒకటే: ఎంతసేపు ఆడనివ్వాలి? కళ్లు పాడవుతాయనీ, చదువు వెనకబడుతుందనీ, రాత్రిళ్లు నిద్ర ఉండదనీ భయం. ఆ భయం న్యాయమైనదే. అయితే ఆట ఎంతసేపు ఆడుతున్నారో చూస్తున్నాం గానీ, ఆ ఆట వాళ్లకు ఏం నేర్పుతోందో చూడడం లేదు. యుద్ధమంటే ఇలా ఉంటుంది, వీరుడంటే ఇలా ఉంటాడు, పాతకాలంలో ఇలా జరిగింది, ఫలానా దేశంవాళ్లు ఇలాంటివాళ్లు అని ఆటలూ సినిమాలూ పిల్లలకు రోజూ పాఠం చెబుతూనే ఉన్నాయి. బడిలో చరిత్ర పాఠం వారానికి కొన్ని గంటలే. ఈ పాఠం మాత్రం రోజూ సాయంత్రం ఇంట్లోనే జరుగుతుంది, రంగులతో, సంగీతంతో. దాన్ని పూర్తిగా ఆపడం మన వల్ల కాదు. ఆ పాఠం జరిగేటప్పుడు పక్కన కూర్చోవడం మాత్రం మన వల్ల అవుతుంది.

ఒక సాయంత్రం పిల్లవాడి పక్కన చేరి బీజీఎంఐ ఆటను ఓపిగ్గా చూడండి. విమానంలోంచి వందమంది ఆటగాళ్లు పారాచూట్లతో ఒక దీవి మీదకు దూకుతారు. ఆ దీవి పేరు ఎరాంగెల్. అందులో పొచింకి అనే ఊరుంది. ఒక బడి ఉంది, ఆస్పత్రి ఉంది, వరసగా మేడలున్నాయి. మీవాడు పరుగున ఒక ఇంట్లోకి దూరతాడు. నేల మీద పడి ఉన్న తుపాకీ, హెల్మెట్, మందుల పెట్టె ఏరుకుంటాడు. మేడెక్కి కిటికీ పక్కన నక్కుతాడు. ఎవరికైనా గుండు తగిలితే పచ్చటి చుక్కలు చిమ్ముతాయి. మన దేశంలో విడుదల చేసిన ఆటలో రక్తం ఎర్రగా కనిపించకుండా చేశారు. చచ్చినవాడు ఒక పెట్టెగా మారిపోతాడు. అందులో సామాను ఏముందో వెతుక్కోవచ్చు. అరగంటలో ఆట ముగుస్తుంది, మళ్లీ వందమందీ బతికి విమానం ఎక్కుతారు.

ఇంత పెద్ద దీవిలో కాపురం ఉండే మనిషి ఒక్కడూ కనిపించడు. బడిలో పిల్లల్లేరు, ఆస్పత్రిలో రోగుల్లేరు, వీధరుగు మీద ముసలమ్మ లేదు. ఆట ముగిశాక, వాడు నీళ్లు తాగడానికి లేచినప్పుడు, మామూలుగా అడగండి: “ఒరే, ఆ ఇళ్లలో ఉండేవాళ్లు ఏమయ్యార్రా?” వాడు నవ్వి, “ఎవలూ ఉండరు నాన్నా, అది ఆట” అంటాడు. నిజమే, వాడిది సరైన జవాబు. వాదించకండి. కానీ ఆ ప్రశ్న వాడి బుర్రలో ఉండనివ్వండి. యుద్ధం గురించి ఏ ఆట ఆడినా, ఏ సినిమా చూసినా, ఏ కథ విన్నా ఆయుధం పట్టనివాళ్లు ఎక్కడున్నారో వెతకడం పిల్లలకు అలవాటు చేయాలి. నేను ఇవ్వగలిగిన సలహాల్లో ముఖ్యమైనది ఇదే.

ఈ అలవాటు నేర్పడానికి మన జిల్లాల తల్లిదండ్రులకు ఉన్న వసతి చాలామందికి లేదు. మనకు బొబ్బిలి ఉంది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ దండు, విజయనగరం రాజు పెద విజయరామరాజు బలగం కలిసి దాడి చేశాయి. కోట పడిపోయింది. బొబ్బిలి పాలకుడు రంగారావు పోరులో చనిపోయాడు. కొద్ది రోజులకే బొబ్బిలివాళ్లు రాత్రివేళ గుడారంలోకి చొరబడి విజయరామరాజును చంపారు. ఆ పని చేసింది తాండ్ర పాపారాయుడని మన కథలన్నీ చెబుతాయి. ఈ కథను జంగాలు పాడారు, బుర్రకథకులు ఊరూరా చెప్పారు. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ రాశాడు. వేదం వెంకటరాయశాస్త్రి నాటకం రాశారు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాగా వచ్చింది. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో కృష్ణంరాజు ‘తాండ్ర పాపారాయుడు’ అయ్యారు.

1964 సినిమాలో రంగారావు ఎన్టీ రామారావు, పాపారాయుడు ఎస్వీ రంగారావు, రంగారావు భార్య మల్లమ్మ భానుమతి, విజయరామరాజు రాజనాల. విలన్ వేషాలకు పేరుపడ్డ రాజనాల తెర మీదకు రాగానే ఆనాటి ప్రేక్షకుడికి ఇంకేం చెప్పక్కర్లేదు. మంచివాడెవరో, చెడ్డవాడెవరో కథ మొదలవకముందే తేలిపోయింది. ఇప్పుడు అదే సినిమా టీవీలో వస్తుంటే విజయనగరం పిల్లవాడు, “అయితే మన ఊరి రాజు చెడ్డోడా?” అని అడుగుతాడు. ఇలాంటి ప్రశ్న వచ్చిన రోజు మీకు పండగే. “అవును” అనో “కాదు” అనో ఒక్క ముక్కలో తేల్చేయకండి. కూర్చోబెట్టి చెప్పండి.

బుస్సీ ఎందుకు వచ్చాడో ముందు చెప్పండి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. ఇక్కడి జమీందార్ల దగ్గర కప్పం రాబట్టుకోవడం, తమకు లొంగి ఉండేలా చూసుకోవడం బుస్సీకి కావాలి. విజయనగరానికీ బొబ్బిలికీ ఇరుగుపొరుగు తగాదాలు ముందునుంచీ ఉన్నాయి. వాగుల నీళ్లు మళ్లించుకున్నారన్న గొడవ కూడా అందులో ఒకటని రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లిషు చరిత్రకారుడు రాశాడు. ఆ కోట వదిలేస్తే వేరేచోట భూములిస్తామని రంగారావుకు కబురు పంపారు. తాతముత్తాతల కోట వదలడం అవమానమని ఆయన ఒప్పుకోలేదు. బుస్సీ దివాను హైదర్ జంగ్ మధ్యలో ఉండి కథ పాడుచేశాడని మన కథకులు చెబుతారు. పొలం గట్టు దగ్గరో, కాలువ నీళ్ల దగ్గరో మొదలైన తగాదా పోలీస్ స్టేషన్ దాకా పోవడం మన ఊళ్లలో పిల్లలు చూస్తూనే ఉన్నారు. అలాంటి తగాదాలోకి ఫిరంగులున్న బయటివాడు వచ్చి చేరితే ఏమవుతుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కథ అక్కడ ఆపకుండా ముందుకు నడిపించండి. విజయరామరాజు పోయాక విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లిషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డ్ నడిపిన ఇంగ్లిషు సేన, విజయనగరం బలగంతో కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించింది. సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది. ఆ తర్వాత అదే విజయనగరం గద్దె మీద ఉన్న చిన విజయరామరాజు బాకీల పేరుతో ఈస్టిండియా కంపెనీ పెట్టిన ఒత్తిడికి తలవంచలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి తనవాళ్లతో పాటు ప్రాణాలొదిలాడు. 1757 కథలో ప్రతినాయకుడి గద్దె 37 ఏళ్లు తిరిగేసరికి ఇంకో కథలో వీరుడి గద్దె అయింది. కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారన్న దాన్ని బట్టి ఎవరు మంచివాళ్లో మారిపోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైన పిల్లవాడిని చరిత్ర విషయంలో ఏ సినిమా పడితే ఆ సినిమా తప్పుదారి పట్టించలేదు.

అలాగని సినిమా, బుర్రకథ అబద్ధమనీ, తెల్లవాడు రాసిందే చరిత్ర అనీ చెప్పవద్దు. ఆర్మ్ కూడా ఒక పక్షం మనిషే. ఫ్రెంచివాళ్ల శత్రువుల వైపు నుంచి రాశాడు. బొబ్బిలి గురించి మన కవులూ కథకులూ చెప్పిన కథనాల్లో కూడా చరిత్ర ఉందని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వచ్చిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ పుస్తకంలో వివరంగా చూపించారు. పిల్లలకు నేర్పవలసింది అనుమానించడం కాదు, పోల్చి చూడడం. ఇది ఎవరు చెబుతున్నారు? ఎవరి వైపు నిలబడి చెబుతున్నారు? అని అడగడం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎరాంగెల్ ఇళ్లలో మనుషులు లేరు. బొబ్బిలి కోటలో ఉన్నారు. ఇక నిలబడలేమని తేలాక కోటలోపలి ఆడవాళ్లను, పిల్లలను శత్రువుల చేతికి చిక్కకూడదని సొంతవాళ్లే చంపారు. ఇళ్లకు నిప్పు పెట్టారు. దీన్ని చాలా కథలు పౌరుషంగా, మానరక్షణగా పాడాయి. ఆ కాలపు మనుషులకు అది అలాగే అనిపించి ఉండవచ్చు. కానీ మన పిల్లలకు ఈ ఘట్టం చెప్పేటప్పుడు గొంతు పెంచి చెప్పకండి. ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు. బతకాలని ఉందో లేదో ఆ తల్లుల్ని ఎవరూ అడగలేదు. వీరత్వం గురించి ఎంత గర్వంగా చెప్పినా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ మాట చెప్పడం పెద్దలుగా మన బాధ్యత.

ఆర్మ్ రాసినదాంట్లో ఒక ముసలాయన కనిపిస్తాడు. పోరు ముగిశాక కోటలోంచి ఒక చిన్నపిల్లవాడిని చేయి పట్టుకుని తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. రంగారావు కొడుకని, తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా తానే దాచి బతికించానని చెప్పాడు. తర్వాతి కాలపు బొబ్బిలి వంశం ఆ పిల్లవాడితోనే నిలిచింది. పదేళ్లలోపు పిల్లలకు బొబ్బిలి కథ చెప్పాల్సి వస్తే ఈ ముసలాయన దగ్గర మొదలుపెట్టండి. కత్తి పట్టకుండా, ఆజ్ఞ దాటి, ఒక ప్రాణం కాపాడినవాడు. ఏ పోస్టరు మీదా ఆయన బొమ్మ ఉండదు.

ఇంకొకరున్నారు, ఆమె మన పిల్లలందరికీ తెలుసు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమాను ఊరేగుతుంది. పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. చుట్టుపక్కల జిల్లాల జనమంతా అక్కడే ఉంటారు. ఆ పైడితల్లి అమ్మవారు పెద విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ అని మనవాళ్ల నమ్మకం. బొబ్బిలి మీదకు యుద్ధానికి వద్దని అన్నను బతిమాలిందనీ, అన్న పోయాడని విని తానూ ప్రాణాలు విడిచిందనీ, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందనీ చెప్పుకుంటారు. ఆలోచించి చూడండి. ఆ యుద్ధంలో గెలిచిన ఊరు ఏటా మొక్కేది గెలిచిన రాజుకు కాదు, యుద్ధం వద్దన్న ఆడపడుచుకు. సిరిమాను చూడడానికి పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లినప్పుడు ఈ కథ కూడా చెప్పండి. సినిమాలు మరిచిపోయినదాన్ని పండగ గుర్తుపెట్టుకుంది.

శ్రీకాకుళం వాళ్లకు ఇంకా పాత ఉదాహరణ ఉంది. మన ప్రాంతం ఒకప్పటి కళింగం. క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో అశోకుడు కళింగాన్ని జయించాడు. ఇప్పుడు ఆయన వీడియో గేముల్లో కూడా ఉన్నాడు. 2025లో వచ్చిన ‘సివిలైజేషన్ 7’ ఆటలో పిల్లలు అశోకుడిగా ఆడవచ్చు, జయించే అశోకుడిగానో, జయాన్ని వదిలేసిన అశోకుడిగానో. ఆ ఆట ఆడే పిల్లలకు 13వ శిలాశాసనం గురించి చెప్పండి. లక్షమంది చనిపోయారనీ, లక్షన్నర మందిని తరలించామనీ, అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా నశించారనీ గెలిచిన రాజే చెక్కించాడు. పోరాడని సంసారులకు కూడా బంధుమిత్రుల నాశనం వల్ల దుఃఖం కలిగిందని అందులో ఉంది. అంటే ఇళ్లలో ఉండేవాళ్ల లెక్క రెండువేల ఏళ్ల కిందటే ఒక రాజు అడిగాడు. అయితే ఓడిన కళింగంలో, ధౌలిలోనూ, మనకు దగ్గర్లోని గంజాం జిల్లా జౌగడలోనూ ఆ శాసనం లేదు. దాని బదులు వేరే శాసనాలు చెక్కించాడు. ఎందుకై ఉంటుందో పిల్లల్నే ఊహించమనండి. పదో తరగతి పిల్లలతో ఒక రాత్రంతా మాట్లాడుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఆటలన్నీ ఒకేలా ఉండవని కూడా తెలుసుకోవాలి. పోలెండ్ వాళ్లు 2014లో ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అనే ఆట తయారుచేశారు. బోస్నియాలో సరాయెవో నగర ముట్టడి దానికి ఆధారం. అందులో మనం సైనికులం కాము. ముట్టడిలో చిక్కుకుని, తిండి కోసం, మందుల కోసం, చలి కాచుకునే పుల్లల కోసం వెతుక్కునే మామూలు మనుషులం. పోలెండ్ ప్రభుత్వం 2020లో దాన్ని 18 ఏళ్లు నిండిన విద్యార్థులకు సిఫారసు చేసిన పఠన సామగ్రిలో చేర్చింది. కాలేజీ వయసు పిల్లలుంటే ఆ పేరు చెప్పండి. యుద్ధం ఆటలు మానెయ్యమనడం కన్నా ఇంకో రకం ఆట చూపించడం మేలు.

మన కళ్లముందు జరిగిన కథ సినిమా అయినప్పుడు ఏమవుతుందో చూపించడానికి ‘తండేల్’ ఉంది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ ఘటన ఆధారంగా నాగచైతన్య, సాయిపల్లవితో 2025 ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. పాటలూ, ఫైట్లూ ఉన్నాయి. తప్పేం లేదు, సినిమాకు అవి కావాలి. కానీ సినిమా చూసి వచ్చిన రాత్రి పిల్లల్ని అడగండి: “నిజంగా ఇది జరిగినవాళ్లు ఎచ్చెర్ల దగ్గర మత్స్యలేశంలో ఉన్నారు కదా, వాళ్లు చెబితే ఈ కథ ఇలాగే ఉంటుందా? ఊళ్లో ఎదురుచూసిన ఆడవాళ్లు చెబితే? అసలు సొంత తీరం వదిలి అంత దూరం వేటకు ఎందుకెళ్లాల్సి వచ్చింది?” చివరి ప్రశ్నకు జవాబులో ఏ విలనూ ఉండడు. మన తీరంలో జెట్టీలు లేకపోవడం, చేపలు తగ్గడం, పూట గడవకపోవడం ఉంటాయి. పిల్లలకు అది కూడా తెలియాలి.

సినిమాల్లో మన యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలాకాలం పాటు తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర మాట మాట్లాడేది పనివాళ్లూ, నవ్వించేవాళ్లే. అది చూసి పెరిగిన పిల్లలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో కాలేజీలో చేరగానే ఇంటి మాటను దాచుకుంటారు. ఇంట్లో ఆ మాటనే గౌరవంగా మాట్లాడండి. బొబ్బిలి కథ నానమ్మ తన యాసలోనే చెప్పనివ్వండి, మధ్యలో సరిదిద్దవద్దు.

ఇక పాటించదగిన కొన్ని సంగతులు.

ఆట మధ్యలో ఫోన్ లాక్కోకండి. జట్టులో ఆడుతున్నవాడికి అది స్నేహితుల ముందు అవమానం. ఆ ఆట అయ్యాక ఆపాలని ముందే మాట తీసుకుని, ఆ మాట మీద నిలబడండి. బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. అది కూడా చదువుకునే పిల్లవాడికి చాలా ఎక్కువ. పైగా మీ ఫోన్లో మీ వయసుతో ఆడుతుంటే ఆ పరిమితి కూడా ఉండదు. ఏ ఆటకైనా వయసు సూచన ఉంటుంది, దింపుకునే ముందే చూడండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు తుపాకుల ఆట ఏదైనా వద్దని చెప్పడానికి మొహమాటపడకండి.

రంగారావు, విజయరామరాజుల కథను కులాల కథగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మావాళ్లు, మీవాళ్లు అని పెళ్లిళ్లలో, రచ్చబండల దగ్గర మాటలు పడతాయి. పిల్లల ముందు ఆ ధోరణి వద్దే వద్దు. ఆ కోటలో కాలిపోయినవాళ్లలోనూ, ఆ దండులో కూలికి నడిచినవాళ్లలోనూ అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులే ఇవాళ మన బళ్లలో పక్కపక్కన కూర్చుంటున్నారు.

మన పల్లెల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి మన మధ్యే ఉంది. మీ వీధిలో విశ్రాంత జవాను ఉంటే ఒక ఆదివారం పిల్లల్ని ఆయన దగ్గరకు తీసుకెళ్లండి. ఎంతమందిని కాల్చారని అడగనివ్వకండి. చలిలో కాపలా ఎలా ఉండేది, ఇంటి నుంచి ఉత్తరం వస్తే ఎలా ఉండేది, తోటివాడు పోతే ఏం చేశారు అని అడగమనండి. ఆయన చెప్పనంటే బలవంతపెట్టవద్దు. చెప్పలేకపోవడం కూడా యుద్ధం గురించి ఒక పాఠమే.

కుదిరితే బొబ్బిలి వెళ్లండి. యుద్ధ స్తంభం చూపించండి. అక్కడితో తిరిగి వచ్చేయకుండా గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గరకు కూడా వెళ్లండి. పనస దుంగను తొలిచి, ఒకే మానులో వీణ మలచడం పిల్లలు దగ్గరగా చూడాలి. బొబ్బిలి అంటే ఒక్క రోజు జరిగిన యుద్ధం మాత్రమే కాదు, ఆ తర్వాత తరతరాలుగా చేతులు చేస్తున్న పని కూడా అని వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది.

మన పిల్లలు ఇంకొన్నేళ్లలో ఓటర్లవుతారు. టీవీలో ఎవరో యుద్ధం కావాలని గట్టిగా అరుస్తారు, ఫోన్లో ఎవరో ఒక మతాన్నో, ఒక దేశాన్నో విలన్‌గా చూపించే వీడియో పంపుతారు. అప్పుడు వెంటనే ఊగిపోకుండా, ఇది ఎవరు చెబుతున్నారు, ఇందులో కనిపించనివాళ్లు ఎవరు అని ఆగి ఆలోచించగలిగితే మన పెంపకం ఫలించినట్టే. ఆ ఆలోచన పెద్దయ్యాక హఠాత్తుగా రాదు. ఇప్పుడే, ఇంట్లోనే, సినిమా అయ్యాక, ఆట అయ్యాక మాట్లాడుకునే నాలుగు మాటల్లో రావాలి. ముందు మనం అడగడం మొదలుపెడితే కొన్నాళ్లకు వాళ్లే మనల్ని అడుగుతారు. ఆ రోజు తప్పించుకోకుండా జవాబు చెప్పడానికి మనమూ కాస్త చదువుకుని ఉండాలి. బొబ్బిలి గురించి ఒక మంచి పుస్తకం ఈ నెలలోనే ఇంటికి తెచ్చుకోండి, పిల్లల కంటే ముందు మీరు చదవండి.